నీళ్ళు చూపే అంకన్న

మా మరిది అంకన్నకు భయం జబ్బు ఉందని ఊరికి చాలాకాలం తెలియదు. ఊరికి తెలిసిందల్లా అంకన్న చేతిలో కొబ్బరికాయ లేచి నిలబడుతుందనే. త్రిపురాంతకం బస్టాండులో దిగి "నీళ్ళ అంకన్న ఇల్లు యాడ?" అని అడిగితే టీ కొట్టువాడు మా ఇంటి దాకా తోడు వస్తాడు. నేను ఆ అంకన్న వదినను. పేరు నరసమ్మ. వాడి పేరు చెప్పుకుని బస్సులో సీటు సంపాదించుకున్నదాన్నే, అబద్ధమెందుకు.

మా వైపు బోరు వేయాలంటే ముందు పాయింటు చూపించాలి. జుట్టుతో ఉన్న కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేను మీద నడుస్తారు. కింద జల ఉన్న చోట కాయ నిలువుగా లేస్తుందని నమ్మకం. అదీ అందరి చేతిలో లేవదట, ఓ పాజిటివ్ రక్తమున్నవాళ్ళ చేతిలోనే లేస్తుందట. మా ఊళ్ళో సగంమందికి పుట్టినరోజు తెలియదు గానీ రక్తం గ్రూపు మాత్రం నోటికి వచ్చు. నవ్వుకుంటే నవ్వుకోండి. చేను ఎండిపోతుంటే మీరైనా కాయ పట్టుకుని తిరుగుతారు.

నేను కాపురానికి వచ్చేనాటికి అంకన్న నిక్కరు వేసుకుని బడికి పోయేవాడు. అత్త లేని ఇల్లు. వాడికి తల అంటిందీ, బెల్లం దొంగతనం చేస్తే వీపు వాయించిందీ నేనే. అన్నంటే వాడికి ప్రాణం. అన్నదమ్ములిద్దరూ ఒకే కంచంలో తినేవాళ్ళు, ముద్ద ముద్దకూ తగాదా పడేవాళ్ళు.

మా పాత బావి ఎండిపోయిన ఏడు మా ఆయన దాన్ని ఇంకా లోతు చేయాలన్నాడు. నడుముకు తాడు కట్టుకుని తాను దిగాడు. పైన గిలక దగ్గర తాడు పట్టుకుని అంకన్న. పక్కనే తవ్విన మట్టిని పైకి లాగటానికి ఆయిల్ ఇంజను మోగుతూ ఉంటుంది, కేక వేసినా పైకి వినపడదు. అందుకని పొద్దున సద్ది తింటూ మా ఆయన నా ముందే తమ్ముడికి చెప్పాడు.

"ఊట తగిలిందంటే తాడు ఊపుతా. నువ్వు ఉరికిపోయి మీ వదినకు చెప్పు. పసుపూ కుంకుమా పట్టుకుని వస్తది."

"నీళ్ళు పడనీ, వదిన పాయసం కూడా చేస్తది" అన్నాడు అంకన్న.

మధ్యాహ్నం పొద్దు నడినెత్తిన ఉండగా వాడు రొప్పుతూ వచ్చాడు. "తాడు ఊగింది వదినా! నీళ్ళు పడినాయి!" ఆ మొహంలో సంతోషం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. నేను పళ్ళెంలో పసుపు కుంకుమలు పెట్టుకుని, చేతికందిన కొబ్బరికాయ తీసుకుని వాడి వెంట పరుగెత్తాను. వెళ్ళేసరికి బావికి పడమటి ఒడ్డు లేదు. ఇంజను మోగుతూనే ఉంది. తాడు మట్టిలోకి పోయి బిగుసుకుని ఉంది.

వాడు మా ఇంటికి వచ్చిన కాస్త సేపట్లో ఒడ్డు కూలిందని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మనిషిని బయటికి తీయటానికి ఆ మట్టంతా తోడారు. అడుగున చెమ్మ కూడా లేదు. ఊట పడిందన్నాడే, ఆ నీళ్ళు ఏమైనాయని ఎవరూ అడగలేదు. శవం ముందు పెట్టుకుని అటువంటివి ఎవరు అడుగుతారు?

ఆ తర్వాత అంకన్న పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. నా చేను దున్నుతూ నా ఇంట్లోనే ఉండిపోయాడు. దానికీ నలుగురూ నాలుగు కూతలు కూశారు. కూసినవాళ్ళ వాకిట్లోకే పోయి కడిగి వచ్చాను, మళ్ళీ ఎవరూ నోరెత్తలేదు.

వాడి చేతిలో మొదటిసారి కాయ లేచింది మా ఊరి రైతు నరేంద్ర చేలో. కనిగిరి నుంచి పాయింటు చూసేవాణ్ణి పిలిపించుకున్నారు. ఆ వచ్చినవాడికి ఆరోజు కాయ లేవలేదు. "ఓ పాజిటివ్ ఎవరన్నా ఉండారా?" అని అడిగితే దారినపోతున్న అంకన్నను లాక్కొచ్చి చేతిలో కాయ పెట్టారు. నాలుగడుగులు వేశాడో లేదో పక్క చేలో ఎవరో ఆయిల్ ఇంజను తిప్పారు. అంకన్న ఒళ్ళంతా వణికింది, చెమటలు కారాయి, చేతిలో కాయ ఊగి ఊగి నిలువుగా లేచింది. "గంగమ్మ తల్లి వచ్చింది!" అని ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. అక్కడే బోరు వేశారు. ఖర్మకొద్దీ నీళ్ళు పడ్డాయి. పడకపోయినా బాగుండేది.

ఇక చూడండి మా ఇంటి ముందు మోటారు సైకిళ్ళు! పొద్దున ఒకడు, సాయంత్రం ఒకడు. అంకన్న ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. టవలు కప్పితే కప్పించుకునేవాడు, అంతే. చూసిన చోటల్లా నీళ్ళు పడ్డాయా అంటే పడలేదు. కొన్ని పడ్డాయి, ఎక్కువ పడలేదు. కళ్ళు మూసుకుని ఎక్కడ పొడిచినా అంతే పడేవేమో. కానీ పడినచోట అంకన్న గొప్ప, పడనిచోట రైతు తలరాత. మనవాళ్ళ లెక్కలు అట్లాగే ఉంటాయి.

నేను మాత్రం చూస్తూ ఉన్నాను. కాయ లేచిన రోజు వాడు అన్నం ముట్టేవాడు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. చేతులు తిమ్మిరెక్కాయని అరచేతులు నేలకేసి రాసేవాడు. దేవత పూనినవాడు పోలేరమ్మ జాతరలో వేటను తిన్నట్టు తినాలి గానీ, మంచినీళ్ళు కూడా గొంతు దిగకపోవడమేంది? అడిగితే "ఏం లేదులే వదినా" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

రాను రాను చేతిలో కాయ లేకపోయినా వణుకు రావడం మొదలుపెట్టింది. పిండిమర దగ్గర వచ్చింది. ట్రాక్టరు పక్కన వచ్చింది. ఒకరోజు ఇద్దరం విత్తనాలకని మార్కాపురం పోయాం. బస్టాండులో ఆగి ఉన్న బస్సు ఇంజను దడదడలాడుతుంటే వాడు గుండె పట్టుకుని కూలబడ్డాడు. మొహం తెల్లగా సున్నం కొట్టినట్టయింది. "వదినా, చచ్చిపోతాండా" అన్నాడు. నేను గగ్గోలు పెడుతుంటే వెనక నుంచి ఒక మహానుభావుడు, "నీళ్ళ అంకన్న గదా! ఈ బస్టాండు కింద జల ఉండాది రోయ్!" అన్నాడు. చెప్పు తీశాను. వాడు జనంలో కలిసిపోయాడు.

ఆసుపత్రిలో గుండె పరీక్ష చేశారు. గుండె బాగుందన్నారు. బాగున్న గుండె అట్లా ఎందుకు కొట్టుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

చెప్పింది ఎలీషబా. మా ఊరి సబ్ సెంటరులో నర్సు, చర్చి వీధి పిల్ల. నాకు బీపీ చూడటానికి ఇంటికి వచ్చి, అరుగు మీద ముడుచుకుని ఉన్న అంకన్నను చూసి కాసేపు కూర్చుంది. అన్నీ అడిగింది.

"ఇది గంగమ్మ గాదు నరసమ్మక్కా. భయం. ఇదొక జబ్బు."

వాళ్ళ దేవుడు వేరు కాబట్టి మా దేవతను తీసిపారేస్తోందని నాకు కోపం ముక్కు మీదికి వచ్చింది. అంతమాటా అన్నాను కూడా. ఎలీషబా నొచ్చుకోలేదు.

"నాకూ వచ్చిందక్కా, కాన్పయినాక. మావాళ్ళు దయ్యమన్నారు. ఉపవాస ప్రార్థనలు పెట్టినారు. దయ్యం పోలా, నేను సగమైపోయినా. గుంటూరులో డాక్టరమ్మ చెప్తేగాని తెలియలా. అంకన్నన్నను గూడా ఒకసారి చూపిద్దాం. ఈలోపు నువ్వు చేయాల్సింది ఒకటి ఉండాది."

ఆమె చెప్పింది ఇదీ. భయం వచ్చినప్పుడు మనిషి ఉన్నచోట ఉండడు. ఎప్పుడో ఏదో జరిగిన చోటికి పోతాడు. పక్కనున్నవాళ్ళు మళ్ళీ ఇక్కడికి పిలుచుకు రావాలి. కంటికి ఏం కనబడుతోందో చెప్పమనాలి. చేతికి ఏం తగులుతోంది, చెవికి ఏం వినబడుతోంది, ముక్కుకు ఏ వాసన తెలుస్తోంది, ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పించాలి. ఆఖరున నాలుక మీద ఏదైనా పెట్టాలి. తొందర పెట్టకూడదు.

"అంకన్నన్నా, నువ్వు యాడికి పోతాండావు ఆ టయములో?" అని అడిగింది.

వాడు తల తిప్పుకున్నాడు. నాకు తెలుసు యాడికో. బావి దగ్గరికే. అంతకు మించి తెలుసుకోవాలని నాకూ లేదు.

చిన్నపిల్లల ఆట లాగా ఉంది, ఇదేం వైద్యమని గొణుక్కుంటూనే ఒక గుడ్డసంచి కుట్టాను. అందులో వాసనకు వాము, నాలుకకు రాళ్ళుప్పు, చేతికి మార్కాపురం పలక ముక్క ఒకటి వేశాను. ఆ రాయి చేతిలో పట్టుకుంటే చల్లగా తగులుతుంది, అంచులు గీసుకుంటాయి. సంచి వాడి జేబులో, ప్రశ్నలు నా నోట్లో.

గుంటూరు పోయి డాక్టరమ్మకు చూపించుకుని వచ్చేటప్పుడు బస్సులోనే మళ్ళీ వచ్చింది. వాడు ముందుసీటు కడ్డీ పట్టుకుని బిగుసుకుపోయాడు.

"ఏం కనబడతాంది?" అన్నాను.

"ఊపిరాడటంలా వదినా."

"అది నేను అడగలా. ఏం కనబడతాంది?"

"డ్రైవరు... డ్రైవరు బట్టతల."

"ఇంకా?"

"నిమ్మకాయల దండ. ఆ ముసలామె బుట్టలో కోడి."

"చేతికి?"

"పలక. చల్లగుండాది."

"ఏం వినబడతాంది?"

"నీ అరుపులే" అన్నాడు. వాడి పెదవి కాస్త వంకర తిరిగింది. నవ్వే! బస్సంతా మమ్మల్నే చూస్తోంది. చూస్తే చూడనీ అనుకుని వాడి నోట్లో ఉప్పురాయి వేశాను. త్రిపురాంతకం వచ్చేసరికి ఊపిరి సర్దుకుంది.

మాత్రలు, ఈ ఆట, రెండూ వాడికి పట్టాయి. అన్నం తినసాగాడు. కలుపు తీసేటప్పుడు పాట ఎత్తుకున్నాడొకసారి, గొంతు ఘోరం, అయినా విన్నాను. కాయ పట్టమని వచ్చినవాళ్ళకు నేనే ఎదురుపోయి లేడని చెప్పేదాన్ని. ఒకసారి మొహమాటానికి ఎవరి చేలోనో పట్టాడు. వణుకు రాబోతుంటే జేబులో పలక పట్టుకుని తనలో తాను చెట్టూ గట్టూ పేర్లు చెప్పుకున్నాడట. కాయ చేతిలో పడుకునే ఉంది. ఆ కబురు ఊరంతా పాకింది. గంగమ్మకు కోపమొచ్చిందన్నారు. నర్సు మందు పెట్టిందన్నారు. భయం పోయింది గనకనే కాయ లేవలేదన్నారు ఇంకొందరు. నాకు మాత్రం ఆరోజు గారెలు వండాలనిపించింది, వండాను.

ఈ ఎండాకాలం వెంకటేశ్వర్లు వచ్చాడు. అంకన్నకు మామ వరస, నాకు చిన్నాయన. ముసలాయన బత్తాయి తోట చెట్లు కాపుకొచ్చాక ఎండిపోతున్నాయి. ఆకులు చుట్ట చుట్టుకుపోయాయి. ట్యాంకరుతో నీళ్ళు పోయించి పోయించి అలసిపోయాడు. బోరుబండిని తోటలోకి తెచ్చి నిలబెట్టుకుని, పాయింటు కోసం మా ఇంటికి వచ్చాడు.

"వాడు మానేసినాడు చిన్నాయనా. వాడి చేతిలో ఇప్పుడు కాయ లేవదు" అన్నాను.

"ఒక్కసారమ్మా. కొడుకులు చెట్లు కొట్టేసి భూమి అమ్మేద్దామంటాండారు. నేను నాటినవి. ఒక్కొక్క చెట్టుకూ బిందెతో పోసినా."

అంకన్న చెప్పులు వేసుకున్నాడు. "వద్దురా" అన్నాను. "ముసలోడు అడగతాంటే ఎట్ల వదినా" అన్నాడు. వాడి గుణమే అంత, కాదనలేడు. తిట్టుకుంటూ నేనూ వెంట పోయాను.

తోటంతా తిరిగాడు. కుడిచేతిలో కాయ, ఎడమచేయి జేబులో. కాయ కదల్లేదు. బోరుబండి మనుషులు నీడన కూర్చుని బీడీలు కాలుస్తూ విసుక్కుంటున్నారు. వెంకటేశ్వర్లు చిన్నాయన వాడి ఎడమచేతిని చూశాడు. దగ్గరికి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రాయి తీసెయ్ నాయనా. నీకు భయమేస్తేనే గదా కాయ లేసేది, ఊరంతా అనుకుంటాండారు. ఒక్కసారి భయపడు. నాకోసం."

నాకు తిక్క లేచింది. "నీ చెట్ల కోసం మనిషిని చంపుకోమంటావా? వయసొచ్చింది దేనికి?" అని అరిచాను. ముసలాయన నా మాట విననట్టే వాడి కాళ్ళ మీదికి వంగబోయాడు. అంకన్న పట్టుకుని ఆపాడు. జేబులోంచి గుడ్డసంచి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఉంచు వదినా, వస్తా."

ఎక్కడికి పోయి వస్తాడట? సరిగ్గా అప్పుడే బండివాళ్ళు ఇంజను వేశారు. నేల అదిరింది. అంకన్న కళ్ళు ఎక్కడో నిలిచిపోయాయి. ఒళ్ళు వణికింది, చెమట కారింది, కాయ ఊగి ఊగి లేచి నిలబడింది. "గంగమ్మా!" అని వెంకటేశ్వర్లు చిన్నాయన ఏడ్చాడు. వాడి కాళ్ళ దగ్గర సున్నంతో గుర్తు పెట్టారు, వాడి చేతిలోని కాయే తీసుకుని కొట్టారు, బండిని తెచ్చి అక్కడే నిలబెట్టారు.

అంకన్నను తీసుకెళ్ళి ఒక బత్తాయి చెట్టు కింద కూర్చోబెట్టాను. గొట్టం మీద గొట్టం దిగుతోంది. తెల్లటి దుమ్ము లేస్తోంది. మా మీద, చెట్ల మీద, ముసలాయన తల మీద దుమ్మే. చినుకంత తడి లేదు. పొద్దు వాలే వేళకు బండివాళ్ళు గొట్టాలు పైకి లాగడం మొదలుపెట్టారు. వెంకటేశ్వర్లు చిన్నాయన గుంత దగ్గర నుంచి లేవలేదు, మా వైపు చూడనూ లేదు.

అంకన్న ఇంకా తిరిగి రాలేదు. ఎదురుగా కూర్చున్నాడు గానీ, అక్కడ లేడు. చేయి పట్టుకున్నాను. మంచులా ఉంది, గడగడ వణుకుతోంది.

"ఏం కనబడతాంది?" అన్నాను.

"దుమ్ము."

"ఇంకా?"

పలక ముక్క వాడి అరచేతిలో పెడితే జారిపోయింది. తీసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. సరేనని వాడి చేతిని నా రెండు చేతుల్లో బిగించి పట్టుకున్నాను.

"చేతికి ఏం తగులుతాంది మరిదీ?"

"తాడు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏం తాడురా, నా చెయ్యి గదా" అన్నాను.

"తాడే వదినా. కాయ లేసినప్పుడల్లా చేతిలో తాడే." వాడు నా మొహంలోకి చూశాడు. "అన్న నీళ్ళు పడి ఊపలా. ఒడ్డు జారతాంటే లాగమని ఊపినాడు. నేను నీళ్ళనుకున్నా. తాడు వదిలేసి నీ కాడికి ఉరికొచ్చినా. లాగింటే వచ్చేటోడు. అప్పుడూ నీళ్ళన్నా, ఇప్పుడూ నీళ్ళే అంటాండా."

బండి ఇంజను ఆగింది. చెమ్మ లేని ఆ బావి అడుగు నాకు కనబడింది, పళ్ళెం పట్టుకుని పరుగెత్తిన నేను కనబడ్డాను. ఎంత నవ్వుకుంటూ పరుగెత్తానో గుర్తొచ్చింది. వాడి మీద ఎక్కడలేని అసహ్యం పుట్టింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, ఆ క్షణాన వాడి చెయ్యి విసిరికొట్టి ఇంటికి పోదామనుకున్నాను.

కానీ ఆ చెయ్యి నా చేతిలో ఊగుతూనే ఉంది. ఆగకుండా, గట్టిగా, కిందినుంచి ఎవరో ఊపుతున్నట్టు. ఇన్నేళ్ళుగా ఊగుతూనే ఉంది. నీళ్ళని ఊరంతా అన్నాం.

ఇక అడగాల్సినవి అడగలేదు. వాముకూ ఉప్పుకూ సంచిలో చెయ్యి పెట్టలేదు. కాళ్ళు నేలకు తన్నిపెట్టి, వాడి చెయ్యి మణికట్టు దాకా పట్టుకున్నాను.

"ఊగింది, అంకన్నా. నాకు తెలిసింది. లాగతాండా, పైకి రా" అన్నాను.

వాడు రాయిలా బరువుగా ఉన్నాడు. లాగుతూనే ఉన్నాను.